దిగువ వీధి గడపలు

రేవులంక కాలనీ,
16-2-2025, ఆదివారం.

తమ్ముడు అమ్మిరాజుకి అక్క సుబ్బాయమ్మ దీవెనలు. ముందు మందు వేసుకో. వేసుకున్నాకే ఇది చదువు.

సత్యశ్రీ ఫోను చేస్తే నా చెవిలో మిషను కుయ్యిమని కూస్తుంది. మొన్న ఆ కూతకి బెదిరిపోయి ఫోను కింద పడేశాను. అద్దం పగిలిందని కోడలు ఉషారాణి నాతో మాట్లాడడం మానేసింది. అందుకని కాయితం పట్టుకున్నాను. రాత్రి బడిలో నేర్చుకున్న చదువు నాది, కోడి గీకినట్టుంటుంది. సర్దుకుని చదువు.

నీ గుండెలో వేసిన స్ప్రింగు కదలడం లేదు కదా? దగ్గితే కదులుతుందేమో డాక్టరుగారిని అడుగు. హార్బరులో వలలు బాగుచేయడానికి వెళుతున్నావని విన్నాను. కూర్చుని చేసే పనే అయినా ఐసు మోసేవాళ్ళు అటూ ఇటూ తిరిగే చోట కూర్చోకు. ఐసు జారితే కాలు విరుగుతుంది. మీ ఇంటి మెట్లకి పట్టుకునే కమ్మీ వేయించారా? సత్యశ్రీ ఆఫీసుకి వెళ్ళాక ఆ ఇంట్లో నువ్వొక్కడివే ఉంటావు. తలుపు గడియ పెట్టుకోకు, ఏమన్నా అయితే ఎవరూ లోపలికి రాలేరు. అలాగని తీసి కూడా ఉంచకు, దొంగలు వస్తారు.

అసలు సంగతి తీర్థం గురించి. ఉగాది ముందు మంగళవారమే మన గంగమ్మ తీర్థం. ఈసారి కమిటీకి చినబాబు ప్రెసిడెంటు, రొయ్యల చెరువుల చినబాబు. కాలనీ గ్రౌండులో స్టేజీ కట్టిస్తాడంట. రాజమండ్రి నుంచి గరగల మేళం వస్తుందంట. నెత్తినెత్తుకునే అమ్మవారి ఇత్తడి గరగ ఇక ఇల్లిల్లూ తిరగదు, స్టేజీ మీదే ఉంటుంది, ఆడవాళ్ళే లైనులో వచ్చి నీళ్ళు పోసి పోవాలంట. దిగువ వీధికి పడవల మీద వెళ్ళడం అయితే అసలే కుదరదంట. జనాన్ని పడవలెక్కించకూడదని పైనుంచి ఆర్డరు వచ్చిందన్నాడు.

దిగువ వీధి కోతకి పోయి గోదారిలో కలిసి, వీధివాళ్ళంతా ఈ కాలనీకి వచ్చి మూడేళ్ళయినా మనం మానలేదు. నువ్వు గరగ నెత్తిన పెట్టుకుని పడవలో నిలబడేవాడివి. ఎవరి గడప ఉండే చోటు రాగానే ఆ ఇంటి ఆడమనిషి నీ పాదాల మీద పసుపునీళ్ళు పోసేది. ఆ నీళ్ళు ఏట్లోకి జారిపోయేవి. చినబాబు దానికి నవ్వాడు. "ఏట్లో నీళ్ళు ముంచి ఏట్లోనే పోయడానికి ఇన్ని పడవలా అండి? ఎవరన్నా మునిగిపోతే జవాబెవరు చెప్తారు?" అన్నాడు. నవ్వినందుకు కోపం వచ్చింది గానీ ఆ రెండో మాట మాత్రం నన్ను పట్టుకుంది. అప్పటినుంచీ కళ్ళు మూస్తే ఎవరో ఒకరు మునిగిపోతూనే ఉన్నారు.

అందుకని చెబుతున్నాను, ఈ ఏడు నువ్వు రావద్దు. వస్తే ఎత్తమంటారు. ఎత్తితే నువ్వాగవు. నువ్వు లేకపోయినా తీర్థం జరిగిపోతుందిలే. ఎవరినో ఒకరిని తెచ్చుకుంటున్నారు కదా.

చేపల పులుసులో కారం తగ్గించమను సత్యశ్రీని.

నీ మీద బెంగతో,
అక్క.


కాకినాడ,
24-2-2025.

అక్కకి,

మందు వేసుకునే చదివాను. స్ప్రింగు కదలదు. దగ్గినా కదలదు, తుమ్మినా కదలదు. నువ్వడిగావని డాక్టరుని అడిగితే, మీ అక్కగారిని ఒకసారి తీసుకురండి, ఆవిడ బీపీ చూడాలి అన్నాడు.

"నువ్వు లేకపోయినా జరిగిపోతుందిలే" అని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. తాత ఎత్తాడు, నాన్న ఎత్తాడు, నాన్న పోయిన ఏడు నుంచి నేను ఎత్తాను. ఇప్పుడు గుండెలో స్ప్రింగు వేయించుకున్న మనిషి పనికిరాడని ఊరంతా అనుకున్నారన్నమాట. ఆ మాట ఇంకెవరూ చెప్పలేక నీ చేత రాయించారు. సరే. రాజమండ్రి మేళంవాళ్ళు బాగా ఆడతారులే. వాళ్ళ గజ్జెలు కూడా తళతళలాడుతూ ఉంటాయి.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే చినబాబు ఫోను చేశాడు. "బాబాయ్, ఈసారి గరగని స్టేజీ మీద పెడదామనుకుంటున్నామండి, మీ మాటేంటి?" అని మర్యాదగానే అడిగాడు. నువ్వు రాసిందే మనసులో ఉంది. "మీ ఇష్టం, నాకేం సంబంధం" అనేశాను.

ఇక్కడ బాగానే ఉంది. సముద్రం నీళ్ళలో కాళ్ళు కడిగితే ఆరాక తెల్లగా చారలు కడతాయి. మన ఏటి నీళ్ళకి ఆ రోగం లేదు. సత్యశ్రీ మెట్లకి కమ్మీ వేయించింది. దాన్ని పట్టుకుని ఎక్కడం నాకు నామోషీగా ఉంది, అందుకని పట్టుకోవడం లేదు. ఇది నీకు రాయకూడదు, రాసేశాను.

ఇట్లు,
పనికిరాని తమ్ముడు,
అమ్మిరాజు.


రేవులంక కాలనీ,
2-3-2025, ఆదివారం.

ఒరే తమ్ముడూ,

కమ్మీ పట్టుకో. ముందు ఆ పని చెయ్యి.

నీ ఉత్తరం చదివి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. నీకు పనికిరావని రాశానా నేను? నీకేమవుతుందోనని రాశాను. భయపడి రాసిన మాటని పట్టుకుని అలిగి కూర్చున్నావు. చిన్నప్పుడూ ఇంతే. రేవులో మొసలి ఉంటుంది దిగొద్దురా అంటే, ఈత రాదంటావా అని నా మీదే రాయి విసిరావు.

నువ్వన్న ఆ మాట ఎక్కడిదాకా పోయిందో విను. గురువారం కాలనీ గ్రౌండులో మీటింగు పెట్టారు. చినబాబు మైకు పట్టుకుని, "గరగ ఎత్తే ఇంటి పెద్ద అమ్మిరాజు బాబాయే, మీ ఇష్టం నాకేం సంబంధం లేదు అన్నారండి. ఇంక మనమేంటండి కాదనేది?" అన్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీ మాట విన్నాక మగవాళ్ళు నోళ్ళు మూసేశారు.

నేను లేచి నిలబడ్డాను. నీకు అబద్ధం చెప్పను, కాళ్ళు తిమ్మిరెక్కితే లేచాను. తీరా లేచాక అందరూ నా వంకే చూస్తున్నారు, ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుంది? "దిగువ వీధి గడపల సంగతేంటి బాబూ?" అన్నాను.

"ఇళ్ళే లేని చోట గడపలేంటి అత్తయ్యా?" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇళ్ళు ఏరు లాక్కుంది. గడపలు మేం ఇవ్వలేదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. చినబాబు మంచివాడే, మా కాలనీకి కుళాయిలు వేయించాడు, ఇప్పుడు నీళ్ళు ఆపేస్తాడేమోనని భయం పట్టుకుంది.

అప్పుడు సాల్మన్ లేచాడు. మన వీధి చివరింటి సాల్మన్, పట్టిసీమలో టూరిస్టు బోట్ల మీద పనిచేసేవాడు. వాళ్ళది లూథరన్ చర్చి, గరగకి నీళ్ళు పోయరు, దణ్ణం పెట్టరు. ఎండనపడి వచ్చినవాళ్ళకి మజ్జిగ మాత్రం ఇస్తారు, నీళ్ళ బదులు అదే లెక్క. అయినా వాళ్ళ గడప దగ్గర ఆగకుండా గరగ ఏనాడూ పోలేదు కదా. "మా గడప కూడా ఆ ఏట్లోనే ఉందండి ప్రెసిడెంటుగారూ" అన్నాడు.

"అయితే మీ తాతలాగా వచ్చి డప్పు కొడతావేంటి?" అని చినబాబు ఎకసెక్కంగా అడిగాడు.

"డప్పు మా తాతతోనే పోయిందండి. అది అడక్కండి. పడవ అడగండి, ఇస్తాను. మునిగిపోతారని మీ భయం కదా, అందరికీ లైఫ్ జాకెట్లు కూడా తెస్తాను" అన్నాడు సాల్మన్.

దాంతో గోల మొదలైంది. ఒకరు డీజిలు నాది అన్నారు. ఒకరు పసుపు నాది అన్నారు. చినబాబు మైకు కట్టేసి, "గరగ ఎత్తేవాడే లేడు, పడవలేం చేసుకుంటారు?" అని వెళ్ళిపోయాడు.

చూశావా? అంతా నీ దగ్గరే ఆగింది. ఒక్క ఏడు దిగువ వీధికి గరగ పోకపోతే ఇక ఆ వీధి ఊళ్ళో లేనట్టే. వచ్చే ఏడు అడగడానికి కూడా మొహం ఉండదు. నువ్వు ఎత్తొద్దు, ఎత్తనివ్వను. వచ్చి గుడి ముందు కుర్చీలో కూర్చుని, ఫలానావాడు మా బదులు ఎత్తుతాడు అని ఒక్క మాట చెప్పు చాలు. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, గాలి కొడుతుంది. డ్రైవరు వెనకాల కూర్చోకు, ఏదన్నా గుద్దితే ముందు వాడే కదా.

నీ రాళ్ళు తిన్న,
అక్క.


కాకినాడ,
10-3-2025.

అక్కకి,

నేను రాను.

నువ్వు భయంతో రాశావని ఇప్పుడు తెలిసింది. దానికి కోపం లేదు. కానీ రాను. నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతావు కాబట్టి ఎందుకో చెప్పేస్తాను, ఇక దీని మీద రాయకు.

గరగ ఎత్తుకుని ఊరంతా తిరిగి, నా సొంత గడప దగ్గరికి కూడా అందరిళ్ళకి వెళ్ళినట్టే వెళ్ళేవాడిని. నర్సమ్మ చెంబుతో బయటికి వచ్చేది. ఇంట్లో నన్ను రోజూ చూసే మనిషి, ఆ ఒక్క రోజు మాత్రం నా మొహం వంక చూసేది కాదు, నా కాళ్ళ వంకే చూసేది. ఇల్లు ఏట్లో పడిపోయాక కూడా పడవ అంచు మీద వంగి పోసింది. పోయినేడు ఒళ్ళు బాగోకపోయినా వచ్చింది. దసరా తరవాత పోయింది. ఇప్పుడు ఆ గడప దగ్గర ఆగితే నీళ్ళు పోసే మనిషి లేదు. మనిషి వచ్చి నీళ్ళు పోసేదాకా గరగ కదలకూడదు. ఆ నియమం నీకూ తెలుసు. అక్కడ నేను ఎవరి కోసం నిలబడాలి?

మిగతా గడపలకి మీరెవరైనా ఎత్తుకు వెళ్ళండి, నాకేమీ అభ్యంతరం లేదు. నా గడప దగ్గర మాత్రం ఆపకండి. దాటి పోనివ్వండి. అక్కడ ఎవరూ లేరు.

హార్బరులో ఒక వలకి పని ఎక్కువగా ఉంది. పెద్ద చేప దూరి చింపేసింది. దాని మీద కూర్చున్నాను.

అమ్మిరాజు.


రేవులంక కాలనీ,
16-3-2025, ఆదివారం.

తమ్ముడికి,

నీ ఉత్తరం బుధవారమే అందింది. చదివి పక్కన పెట్టాను. జవాబు రాయడానికి రోజూ కూర్చునేదాన్ని, మరదలు గుర్తొచ్చి ముందుకు సాగేది కాదు. ఇవాళ ఒక పని జరిగింది, నీకు వేరేవాళ్ళు చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను. కూర్చుని చదువు. మంచినీళ్ళు దగ్గర పెట్టుకో.

ఇవాళ తీర్థానికి ముందు గరగ ఎత్తే రోజు. పూజారి బుల్లియ్య గుడి తలుపు తీశాడు. ఊరు మొత్తం వచ్చింది. చినబాబు వచ్చాడు, రాజమండ్రి మేళం వచ్చింది. ఎత్తే ఇంటివాళ్ళు రాలేదు కాబట్టి గరగని స్టేజీకి పంపిద్దామండి అన్నాడు చినబాబు. మేళం పెద్ద, మన వయసువాడే, చేతులు చాచి ముందుకు వచ్చాడు.

నేను వెనకాల అరుగు మీద కూర్చున్నాను. అరటిపళ్ళ గెల ఎండకి కమిలిపోతుందేమోనని చూస్తున్నాను. ఆయన చేతులు గరగ దగ్గరికి వెళ్ళడం కనిపించింది. నాన్న నెత్తి మీద చూశాను దాన్ని, నీ నెత్తి మీద చూశాను. కొత్త చేతులు దాన్ని అందుకోవడం చూసి నా ఒళ్ళు ఊరుకోలేదు.

"ఇంటివాళ్ళు ఎందుకు రాలేదు బాబూ, నేను రాలేదా?" అన్నాను.

చినబాబు వెనక్కి తిరిగి, "నువ్వా అత్తయ్యా? నువ్వు ఇంకొకరింటి కోడలివి కదా" అన్నాడు.

"కోడలినయ్యింది తరవాత. ముందు ఆ ఇంట్లోనే పుట్టాను."

"ఆడవాళ్ళు ఎత్తరు కదండి."

"ఎవరు చెప్పారు?"

"ఇదివరకు ఎప్పుడూ ఎత్తలేదు కదా."

"ఇదివరకు ఎప్పుడూ స్టేజీ కూడా ఎక్కలేదు."

ఆడవాళ్ళు గొల్లుమని నవ్వారు. బుల్లియ్య పూజారి గరగ వంక చూసి పసుపు సర్దాడు. మేళం పెద్ద చేతులు వెనక్కి తీసేసుకున్నాడు. "ఇంటివాళ్ళు ఉండగా మేం ముట్టుకోమండి. అది మా పద్ధతి కాదు" అని చినబాబుతోనే అన్నాడు. ఆ తరవాత నన్ను చూసి, "నడుస్తారా అమ్మా? మా డప్పులు మీ వెనకాల వస్తాయి" అన్నాడు.

నడుస్తానో లేదో నాకేం తెలుసు? కింద పడితే గరగ సొట్ట పోతుంది, ఊరికి అరిష్టం, తుంటి విరిగితే నాకు మంచం. ఇవన్నీ అనుకుంటూనే కొంగు బిగించాను. ఉషారాణి, అదే ఫోను అద్దం పగిలిందని మాట్లాడనిది, పరిగెత్తుకు వచ్చి నా చెప్పులు తీసేసింది. "పడితే నా మీద పడండి అత్తయ్యగారూ" అని వెనకాలే నడిచింది. గరగ నా నెత్తికి ఎత్తారు. మెడ లోపలికి దిగిపోయినట్టయింది. నువ్వు దీన్ని పెట్టుకుని ఎలా ఆడేవాడివిరా? నేను ఆడలేదు. మెల్లగా నడిచాను. ఎవరూ తప్పు పట్టలేదు.

కోతకి పోని ఎగువ వీధి అంతా తిరిగాను. ప్రతి గుమ్మంలో నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు. పెద్దవాళ్ళు పోస్తుంటే సిగ్గేసింది. చినబాబు ఇంటి ముందు కూడా ఆగాను. ఆగకుండా పోతే తప్పు కదా. అతని భార్య పరదా వెనక నిలబడి చూసి చూసి, చివరికి చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. చినబాబు ఇంట్లో లేడులే.

రేపటినుంచి కాలనీ. తీర్థం రోజు పొద్దున్న పడవల మీద దిగువ వీధి. సాల్మన్ లైఫ్ జాకెట్లు తెచ్చేశాడు, నారింజ రంగువి. నేను రెండు వేసుకుంటానన్నాను. ఒకటే సరిపోతుందంట.

నీ గడప సంగతి నేను ఇంకా ఆలోచించలేదు.

మెడ నొప్పితో,
అక్క.


కాకినాడ,
20-3-2025.

అక్కా,

నీకు మతి పోయింది.

చుట్టకుదురు పెట్టుకున్నావా లేదా? అది రాయలేదు. పాత నూలు చీర గట్టిగా మెలిపెట్టి చుట్టుకో, సిల్కుగుడ్డ పెడితే జారుతుంది. గరగ కొంచెం వెనక్కి ఉండాలి, నుదుటి మీదికి వస్తే మెడ ముందుకు పోతుంది. కళ్ళు కిందికి దించకు, ఎదర నడిచేవాళ్ళ వీపు చూస్తూ నడువు. పడవలో నిలబడకు. నేను నిలబడ్డానని నువ్వు నిలబడకు. అడ్డచెక్క మీద కూర్చో, వెనకాల ఒకళ్ళు నీ నడుము పట్టుకోవాలి. త్రిమూర్తులుని పట్టుకోమను. నీ కొడుకేగా, ఆ మాత్రం చెయ్యడా? ఎండ ఎక్కకముందే ముగించేయండి. తినకుండా ఎత్తితే కళ్ళు తిరుగుతాయి. ఉపవాసం అని మొండికేయకు, అరటిపండు తిను. అమ్మవారు ఏమీ అనదు.

సత్యశ్రీ ఈ ఉత్తరం చూసి, నాన్నా నువ్వు అత్తలా రాస్తున్నావు అని నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు. నిన్న నిద్ర పట్టలేదు.

నా గడప మాట మాత్రం అలాగే ఉంది. దాటి పోండి.

అమ్మిరాజు.


దిగువ వీధి, పడవలో,
25-3-2025, మంగళవారం మధ్యాహ్నం.

తమ్ముడు అమ్మిరాజుకి,

ఈ కాయితం విజయ్ పాల్ చేతికిస్తున్నాను. సాల్మన్ తమ్ముడు, రొయ్యల వ్యాను కాకినాడకి తోలతాడు. సత్యశ్రీకి ఫోను చేద్దామన్నారు పిల్లలు. నేనే వద్దన్నాను. ఫోనులో అయితే చూద్దాంలే అని పెట్టేస్తావు. కాయితం అయితే విజయ్ పాల్ నీ ఎదురుగా నిలబడి ఉంటాడు.

పొద్దున్నే బయలుదేరాం. పడవలు బారులు తీరాయి, ఎగువ వీధివాళ్ళు కూడా వచ్చారు. పడవలు ఆపమని చినబాబు కబురు పెడితే కానిస్టేబులు వచ్చాడు. అందరి లైఫ్ జాకెట్లూ లాగి లాగి చూశాడు, నా జాకెట్టు బకిలీ తనే బిగించాడు, తరవాత బూట్లు విప్పి గట్టు మీద కూర్చున్నాడు. మంచుకి చర్చి శిలువ కనపడలేదు. శిలువా గట్టు మీది మొండి తాటిచెట్టూ ఒక వరసలోకి వస్తేనే కదా మన వీధి మొదలు తెలిసేది. సాల్మన్ వాళ్ళవాళ్ళు చర్చి పైకెక్కి ఎర్ర దుప్పటి కట్టారు. దాన్ని చూసుకుంటూ వెళ్ళాం.

నా గడప దగ్గర ఉషారాణి నీళ్ళు పోసింది. సాల్మన్ గడప దగ్గర ఆగితే వాళ్ళావిడ బేబి అందరికీ మజ్జిగ ఇచ్చింది, పడవ పడవకీ గ్లాసులు అందించింది. ఇంజను ఆపిన చోటల్లా జనం గడపల పేర్లు చెప్పుకుంటూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఎవరూ మునగలేదు. నేనైతే మునుగుతామని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

తరవాత నీ గడప వచ్చింది.

దాటేద్దామనే అనుకున్నాను. ఒట్టు. నువ్వు రెండుసార్లు రాశావు. త్రిమూర్తులుకి కూడా చెప్పి ఉంచాను, మావయ్య గడప దగ్గర ఇంజను తగ్గించకు అని. తీరా అక్కడికి వచ్చేసరికి నా నోరే "ఆపరా" అంది. ఆపాడు. లంగరు వేయించాను. అంతే, ఇక ఇక్కడే ఉన్నాం.

నీళ్ళు పోయడానికి మనిషి లేదు. నేను ఎత్తుకున్నదాన్ని, నా కాళ్ళ మీద నేను పోసుకోకూడదు. ఎవరో ఒకరం పోసేస్తాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఇంటి మనిషి పోయాలి. మరి ఆ ఇంటి మనిషి కాకినాడలో చేప చింపిన వల బాగుచేసుకుంటున్నాడు.

చినబాబు గట్టు మీదికి వచ్చి మైకులో పిలిచాడు. సాయంత్రం తీర్థం, స్టేజీ దగ్గర జనరేటరు తిరుగుతోంది, మేళంవాళ్ళు మా పడవల్లో ఉన్నారు, స్టేజీ మీద కుర్చీలు తప్ప ఎవరూ లేరు. "అత్తయ్యా, ఒక్క గడపే కదా, వదిలెయ్. అమ్మవారు ఏమీ అనుకోదు" అన్నాడు.

"అమ్మవారు అనుకోదు బాబూ. వీధి అనుకుంటుంది" అని నేను ఇటునుంచి అరిచాను. వినపడిందో లేదో. సాల్మన్ మళ్ళీ అరిచి చెప్పాడు. "ఇవాళ అమ్మిరాజు మావయ్య గడప వదిలేస్తే రేపు మాది వదిలేస్తారండి" అని అది కూడా కలిపాడు.

చినబాబు చాలాసేపు నిలబడ్డాడు. ఎండలో అలా నిలబడితే వడదెబ్బ తగులుతుందని కొబ్బరిబొండం పంపించాను. తాగాడు. వెళ్ళిపోలేదు.

గరగ గుడికి చేరేదాకా నేల తాకకూడదు. పడవ తాకొచ్చో తాకకూడదో ఇక్కడ ఎవరికీ తెలియదు. అందుకని ఉషారాణి ఒళ్ళో పెట్టి ఇది రాస్తున్నాను. దాని కాళ్ళు తిమ్మిరెక్కాయంట. కానివ్వమన్నాను. మిగతా పడవలవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి అన్నాలు తెస్తున్నారు. ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు, ఎవరు ఎప్పుడు నా పక్కన కూర్చోవాలో. వెళ్ళిపోదామని ఒక్కరూ అనలేదు. నేను వాళ్ళని పట్టుకుని లేను, చూడు, వాళ్ళే ఉన్నారు.

ఎవరూ లేరు అక్కడ అని రాశావు. నువ్వొచ్చి చూసుకో ఎంతమందిమి ఉన్నామో.

ఇన్నాళ్ళూ ఇక్కడ నీ పాదాల మీద నర్సమ్మ పోసింది. ఇవాళ నా పాదాల మీద నువ్వు పోయాలి. మగవాడు పోయొచ్చా అని బుల్లియ్య పూజారి గట్టు మీద నుంచి అడిగాడు. ఆడది ఎత్తొచ్చినప్పుడు మగవాడెందుకు పోయకూడదు అన్నాను. ఆయన ఆలోచించి, పోయొచ్చు అన్నాడు.

నీ గుండె సంగతి నాకు గుర్తుంది. పొద్దుటినుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. గరగ నువ్వు ఎత్తక్కర్లేదు, పడవ నువ్వు తోయక్కర్లేదు, మోకాళ్ళలోతు నీళ్ళలో నుంచి నిన్ను మోసుకొస్తానని త్రిమూర్తులు అంటున్నాడు. నీ పని ఒక చెంబు వంచడం. ఆ మాత్రానికి ఏ స్ప్రింగూ కదలదు. వ్యానులో ముందు సీట్లో కూర్చో, బెల్టు పెట్టుకో, విజయ్ పాల్‌ని మెల్లగా తోలమను. మరీ మెల్లగా వద్దు.

వస్తే చీకటి పడకముందే రా. రాకపోతే రానని విజయ్ పాల్‌తో చెప్పు. నువ్వు రానన్నా మేం లంగరు ఎత్తం. తీర్థం రేపు జరుగుతుంది, ఎల్లుండి జరుగుతుంది, నువ్వు నీళ్ళు పోసిన రోజు జరుగుతుంది. ఊరికి తొందరేమీ లేదని అందరితో చెప్పించాను.

నీ గడప దగ్గర కూర్చుని ఉన్న,
అక్క.